లాస్టిక్ ఆత్మకథ

వీధి చివర దర్జీ కొట్టులో మేకుకు వేలాడే తెల్లటి చుట్ట అది. దర్జీ దాన్ని లాస్టిక్ అంటాడు, బడిపిల్లలు ఎలాస్టిక్ అంటారు. ఓ సాయంత్రం ఆరేళ్ల పాప నడుము కొలిచి, ఆ కొలతకు రెండంగుళాలు తగ్గించి, దర్జీ ఓ ముక్క కత్తిరించాడు. ఒక కొసకు పిన్నీసు గుచ్చి పావడా నడుము మడతలోకి దూర్చాడు. గుడ్డను కుచ్చులు కుచ్చులుగా వెనక్కి జరుపుకుంటూ అవతలి వైపు నుంచి పిన్నీసు బయటికి తీశాడు. రెండు కొసలూ కలిపి కుట్టేసరికి ఆ ముక్కకు ఉద్యోగం ఖాయమైంది.

అంతకుముందు ఆ మడతలో బొందు ఉండేది. బడికి వేళయ్యేసరికి దాని ఒక కొస లోపలికి జారిపోయేది, ఇల్లంతా పిన్నీసు కోసం వెతుకులాట మొదలయ్యేది. బొందంటే ఎలాస్టిక్‌కు గౌరవమే. కానీ బొందును ఎంత బిగించి కడితే అంతే ఉంటుంది. పాప కడుపు నిండా తిన్నా, పరుగెత్తి రొప్పుతున్నా దానికి తెలియదు. ఊపిరి పీలిస్తే సాగడం, వదిలితే దగ్గరికి రావడం తన పని అని చెబుతుంది ఎలాస్టిక్. తన పేరు పుట్టింది కూడా గాలి దగ్గరే అంటుంది.

ఆ పేరుకు మూలం గ్రీకు భాషలో తోయడం, నడిపించడం అనే అర్థాలున్న ఒక క్రియ. 1651 ప్రాంతంలో ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు జాఁ పెకే దాన్ని శాస్త్రపు మాటగా మలిచాడు. అప్పుడది చెప్పింది రబ్బరు సంగతి కాదు, గాలి సంగతి. నొక్కితే అణిగి, వదలగానే మళ్లీ పరుచుకునే గుణానికి ఆ మాట వాడారు. 1660లో రాబర్ట్ బాయిల్ గాలిని ఉన్ని కుప్పతో పోల్చాడు. చేత్తో అదిమితే తగ్గుతుంది, చెయ్యి తీస్తే పొంగుతుంది. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన రాబర్ట్ హుక్ ఇదే గుణాన్ని స్ప్రింగుల్లోనూ తీగల్లోనూ కొలిచాడు. 1676లో తన సూత్రాన్ని అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేశాడు, 1678లో విప్పి చెప్పాడు: ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది.

తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లో తనకున్న పేరంటే ఎలాస్టిక్‌కు మరీ ఇష్టం. స్థితిస్థాపకత. ఈ మాట ఇంగ్లీషుకు సరిపడేలా నిన్నగాక మొన్న కూర్చినది కాదు, న్యాయ, వైశేషిక దర్శనాల నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో సంస్కారం అనే గుణం మూడు రకాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. ఒక వస్తువు రూపం మారితే దాన్ని తిరిగి మునుపటి స్థితికి తెచ్చేది స్థితిస్థాపకం. అది ఉండే చోటుకు ఆయన ఇచ్చిన ఉదాహరణ చాప. విప్పి పరిచిన కొత్త చాప చెయ్యి తీయగానే మళ్లీ చుట్టుకోవడం మనం చూసేదే. ఇక భావన అంటే, అనుభవం వల్ల మనసులో నిలిచి జ్ఞాపకానికి కారణమయ్యేది. చాప మొదటి రూపానికి రావడం, మనిషికి పాత సంగతి గుర్తుకు రావడం ఆ లెక్కలో తోబుట్టువులు. అంతటి బంధుత్వం తనకు ఇంకే భాషా ఇవ్వలేదంటుంది ఎలాస్టిక్.

పేరు గాలి నుంచి వస్తే, ఒళ్లు చెట్టు నుంచి వచ్చింది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ ఆ తర్వాత కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. అక్కడికి సిల్హెట్ నుంచి తేనె నింపిన బుట్ట ఒకటి వచ్చింది. తేనె కారకుండా బుట్ట లోపల పూసింది ఓ చెట్టు పాలు. ఆ చెట్టే ఫైకస్ ఎలాస్టికా, మన కుండీల్లో పెరిగే రబ్బరు మొక్క. మేఘాలయలో ఖాసీలు వాగుల మీద బతికున్న వంతెనలు అల్లేది దీని ఊడలతోనే. వ్యాపారానికి నిలిచింది మాత్రం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరే చెట్టు, ఇవాళ కేరళ కొండవాలుల్లో పాలు గీసే చెట్టు.

1820లో లండన్‌లో థామస్ హాన్‌కాక్ చేతితొడుగులకూ మేజోళ్లకూ రబ్బరు పట్టీలు కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఎలాస్టిక్ తన వంశాన్ని అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఆ తొలితరం కష్టాలు పడింది. చలికి బిర్రబిగుసుకుపోయేది, ఎండకు జిగురు జిగురయ్యేది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపిన రబ్బరు వేడి తగిలినా కరగలేదని గమనించాడు. చిక్కుపడ్డ దారాల్లాంటి రబ్బరు అణువుల మధ్య గంధకం ముడులు వేస్తుంది. లాగితే చిక్కు విడి దారాలు సాగుతాయి, వదిలితే మళ్లీ చిక్కుపడి దగ్గరికి వస్తాయి, అవి ఒకదాన్నొకటి వదిలి జారిపోకుండా ముడులు పట్టి ఉంచుతాయి. 1845లో స్టీఫెన్ పెర్రీ రబ్బరు బ్యాండుకు పేటెంటు పొందాడు. కర్రీ పాయింట్‌లో సాంబారు పొట్లం మూతి బిగించేది ఆ బ్యాండే.

రబ్బరుకున్న మరో గుణం ఈ పేటెంట్లకన్నా ముందే బయటపడింది. ఇంగ్లండ్‌లో జాన్ గాఫ్ అనే పండితుడికి చూపు లేదు. రబ్బరు ముక్కను పెదవులకు ఆనించి గబుక్కున సాగదీస్తే అది వెచ్చబడుతోందని ఆయన పట్టుకున్నాడు, 1805లో ప్రకటించాడు. కూర పొట్లం బ్యాండుతో ఎవరైనా చేసి చూడవచ్చు.

తన పేరు ఎక్కడెక్కడ తిరుగుతోందో కూడా ఎలాస్టిక్‌కు తెలుసు. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ దాన్ని అర్థశాస్త్రంలో స్థిరపరిచాడు. ఇంటర్ పుస్తకం దాన్నే డిమాండ్ వ్యాకోచత్వం అంటుంది. ఉప్పు ధర పెరిగినా కూరలో ఉప్పు తగ్గదు, మల్లెపూల ధర పెరిగితే మూర కొనేవాళ్లు జానెడుతో సరిపెట్టుకుంటారు. 2006లో అమెజాన్ తన అద్దె కంప్యూటర్ల సేవకు ఎలాస్టిక్ అనే పేరు పెట్టింది. 2022లో ఆ సేవల కేంద్రం హైదరాబాద్‌లోనూ మొదలైంది. రద్దీ రోజున కంప్యూటర్లు పెరుగుతాయి, మర్నాటికి తగ్గుతాయి. తగ్గుతాయి కాబట్టే ఆ పేరు సరిపోయింది.

సీరియల్‌ను ఎలాస్టిక్‌లా సాగదీస్తున్నారని ఎవరైనా అంటే మాత్రం అది నొచ్చుకుంటుంది. సాగడం తన పనిలో సగమే. ఉక్కు తీగ కంటికి కనిపించనంత మాత్రమే సాగుతుంది, అయినా తిరిగి రావడానికి అది చూపే బలం ఎక్కువ. అందుకే రబ్బరు కన్నా ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువని పాఠం చెబుతుంది. ఆ మాట నిజమేనని ఎలాస్టిక్ ఒప్పుకుంటుంది.

రెండేళ్లు గడిచాయి. ఎండ, సబ్బు, వేడినీళ్లు కలిసి లోపలి రబ్బరు పోగులను ఒక్కొక్కటిగా తెంపాయి. పావడా జారుతోందని పాప రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. అమ్మ ఆ పావడా నడుము దగ్గర కుట్టు విప్పి, వదులైన పట్టీని కత్తిరించింది. దాని తోకకు కొత్త ఎలాస్టిక్ కొసను పిన్నీసుతో కలిపింది. పాతదాన్ని మెల్లగా లాగుతూ పోయింది. అది మడతలోంచి బయటికి వస్తున్న కొద్దీ, దాని వెనకే కొత్తది లోపలికి నడిచింది.