ఏపీ 9 బండి

2016 జూలైలో ఒక పొద్దున గుంటూరు స్టేషన్ పార్సిల్ ఆఫీసు ముందు ఒక స్కూటరు గోనెపట్టాలు చుట్టుకుని నిలబడి ఉంది. హ్యాండిల్ చుట్టూ ఎండుగడ్డి, అద్దాలకు అట్టముక్కలు. ట్యాంకులో పెట్రోలు చుక్క లేదు, రైల్లో ఎక్కించాలంటే తీసేయాల్సిందే మరి. పట్టా మీద నల్లరంగుతో "సికింద్రాబాద్ – గుంటూరు" అని పెద్దపెద్ద అక్షరాలు. ముందురోజు సాయంత్రం నారాయణాద్రిలో ఎక్కించారు. ఇరవై ఏళ్ళు తన చక్రాల మీద తాను తిరిగిన బండి వేరే చక్రాల మీద ప్రయాణం చేయడం అదే మొదలు.

ఈ కథ చెబుతున్నది ఆ స్కూటరే. అయితే "నేను" అనడం దానికి అలవాటు లేదు. కొన్న నాటి నుంచీ "బండి తీయండి", "బండి తుడిచావా", "బండెక్కడ పెట్టారు" అన్న మాటలే విన్నది. అందుకని ఇక్కడా తనను బండి అనే చెప్పుకుంటుంది.

బండి బజాజ్ చేతక్. 1972లో వచ్చిన ఆ స్కూటరుకు రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు. ఒకప్పుడు డబ్బు కట్టినవాళ్ళు కూడా చేతక్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. ఈ బండి పుట్టిన 1996 నాటికి ఆ రోజులు పోయాయి. ఇంటాయన షోరూంకి వెళ్ళి, నీలం రంగుది చూపించి, వారంలో ఇంటికి తెచ్చుకున్నాడు. హైదరాబాద్ రిజిస్ట్రేషన్ కాబట్టి నంబరు ఏపీ 9తో మొదలైంది. ఆ తొమ్మిదికి ఏనాటికైనా ఒక అర్థం వస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

ఇల్లు మలక్‌పేటలో, కొలువు సచివాలయంలో. చాదర్‌ఘాట్ వంతెన, కోఠి, ఆబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ. ఇరవై ఏళ్ళు ఇదే దారి. ఏ సిగ్నల్ దగ్గర ఇంజను ఆపాలో, ఎక్కడ మూసీ వాసన మొదలవుతుందో బండికి కంఠతా వచ్చు. మొదట ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్నది అమ్మాయి. ఆమె వెనక సీటుకు మారాక అదే చోటికి తమ్ముడు వచ్చాడు. పార్కింగులో వందల బళ్ళు. పక్కన నిలబడిన బండి ఎవరిదో ఈ బండికి ఎన్నడూ తెలియలేదు, దీని సంగతీ వాటికి తెలియదు. అందులో ఒక సుఖం ఉంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ప్లగ్గు తడిసి మొరాయిస్తే, ఇంటాయన బండిని పక్కకు వంచి, లేపి, కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. చుట్టూ వెయ్యిమంది పోతున్నా ఎవరూ ఆగి చూసేవారు కాదు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. రెండేళ్ళ తర్వాత, 2016 జూన్ చివర్లో, ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు వెలగపూడి తాత్కాలిక సచివాలయానికి కదలడం మొదలైంది. వాళ్ళకు వారానికి ఐదు రోజుల పని పెట్టారు. చాలామంది పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి, శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం మళ్ళీ వచ్చేవారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. పదో తరగతి పిల్లవాణ్ణి మధ్యలో లేపి ఇంకో ఊళ్ళో కూర్చోబెట్టడం మాటలు కాదు. ఈ ఇంట్లో కూడా నెల రోజులు ఆ చర్చే నడిచింది. రాష్ట్రం విడిపోయిన మూడేళ్ళలోపు తరలివచ్చినవాళ్ళ పిల్లలను చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులుగా గుర్తించే ఏర్పాటు ఉండేది. ఆ గడువును తర్వాత పొడిగించారు గానీ, ఆనాటికి ఇంట్లో వాళ్ళకు తెలిసింది మూడేళ్ళే. ఇంటావిడ పిన్నమ్మగారు తెనాలిలో ఉంటారు. "అందరం కలిసే పోదాం" అని తేల్చింది ఇంటావిడ. బండిని అమ్మేసి అక్కడ కొత్తది కొనుక్కోమని ఆఫీసులో సలహా ఇచ్చారు. ఇంటాయన వినలేదు.

గుంటూరులో పట్టాలు విప్పి, సీసాలో తెచ్చిన పెట్రోలు పోసి, లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన ఆయిలు కలిపి, నందివెలుగు మీదుగా తెనాలికి బయలుదేరారు. పాతిక కిలోమీటర్లు. రెండువైపులా నారుమళ్ళు, నీళ్ళు. రోడ్డు బల్లపరుపుగా ఉంది. హైదరాబాద్‌లో రెండో గేరు లేనిదే ఏ వీధీ పూర్తయ్యేది కాదు. ఇక్కడ మూడు నుంచి రెండుకు దిగే అవసరమే రాలేదు. బండికి అది హాయిగా ఉండాల్సింది, కానీ లేదు. ఇంజను మధ్యమధ్యలో తప్పుతోంది, త్వరగా వేడెక్కుతోంది. ఊరు చేరేసరికి రెండుసార్లు ఆగింది.

మూడు కాలువలు ఊరి మధ్యగా పారే తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనం సుమారు 1.65 లక్షలు. మహానగరం ఆ ఏడాదికే 67 లక్షలు దాటింది. ఈ అంకెల కంటే బండికి ముందుగా తెలిసింది హారన్ తేడా. మలక్‌పేటలో హారన్ అంటే ఊపిరి తీసుకున్నంత మామూలు, ఎవరూ తల తిప్పరు. మారిస్‌పేట వీధిలో మొదటి రోజు ఇంటాయన అలవాటుగా హారన్ కొడితే ముగ్గురు వెనక్కి తిరిగి, తమను పిలిచారేమోనని ఆగారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి, "ఎవరి కోసం బాబూ?" అని అడిగాడు. నెల తిరిగేసరికి ఇంటాయన బొటనవేలు హారన్ మీట మీద నుంచి పక్కకు జరిగింది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. బండి ఎక్కడ ఆగితే అక్కడ ఎవరో ఒకరి చూపు ముందు నంబరు ప్లేటు మీదికి పోతుంది. ఆ పక్క బళ్ళన్నీ ఏపీ 7, ఇది ఏపీ 9. "హైదరాబాదాండీ? ఇక్కడ ఎవరి తాలూకు?" ఇంటాయనకు మొదట్లో ఆ మాట ఎబ్బెట్టుగా ఉండేది. తానెవరి తాలూకూ కాదు, తన తాలూకే. మెల్లగా ఒక సంగతి తెలిసివచ్చింది. అడిగేవాడు కూపీ లాగడానికి అడగడం లేదు, మనిషిని ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంటున్నాడు. ఫలానా పిన్నమ్మగారి అక్క కూతురి భర్త అని చెప్పగానే ఎదుటి ముఖం విచ్చుకునేది. "అట్టా చెప్పండి మరి!" ఆ తర్వాత పాలవాడి ఫోన్ నంబరు, మంచినీళ్ళ ట్యాంకరు వచ్చే టైము, ఏ డాక్టరు మందులు తక్కువ రాస్తాడో అన్నీ అడక్కుండానే వచ్చిపడేవి.

ఒక ప్రశ్న మాత్రం మంచిది కాదు. ఇల్లు వెతికేటప్పుడు రెండుచోట్ల గేటు దగ్గరే "మీరేమిట్లండీ?" అని కులం అడిగారు. ఇంటాయన జవాబు చెప్పకుండా బండి వెనక్కి తిప్పాడు. చిన్న ఊరి ఆప్యాయత గురించి చెప్పేవాళ్ళు ఈ మాట దాచకూడదు. మహానగరంలోనూ అడుగుతారు, కాకపోతే చాటుగా. మూడో ఇంటివాళ్ళు అడిగింది ఒక్కటే: "బండి పొగ ఎక్కువొస్తదా? మా అమ్మకు ఆయాసం." ఆ ఇల్లే తీసుకున్నారు. అప్పటి నుంచి పొద్దున్నే బండిని వీధి మొగదాకా నెట్టుకెళ్ళి, అక్కడ కిక్కు కొట్టడం ఇంటాయనకు నియమమైంది.

అమ్మాయి కష్టాలు వేరు. మొదటి వారం కూరగాయల కొట్లో "అర్ధకిలో ఆలుగడ్డ, కిలో ఉల్లిగడ్డ" అంది. కొట్టాయన ఏమీ అనలేదు, "బంగాళాదుంపలు, ఉల్లిపాయలేగా అమ్మా" అని తూచి ఇచ్చాడు. పక్కనున్న ఇద్దరు పిల్లలు మాత్రం నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు మీద అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు బడిలో "గల్లీ" అనబోయి "వీధి" అని దిద్దుకునేది. బండికి అది బాధనిపించింది. పుట్టిన ఊరి మాట అనడానికి పిల్ల ఎందుకు భయపడాలి? రెండో ఏడు వచ్చేసరికి తెనాలి స్నేహితురాళ్ళే "చాయ్ తాగుదామా" అనడం మొదలుపెట్టారు.

ఇంజను జబ్బు కుదిర్చింది కాలవగట్టు పక్క రేకుల షెడ్డు మెకానిక్. అంతకు ముందు ఇద్దరు చూసి బోరు పోయిందనీ, పిస్టన్ మార్చాలనీ అన్నారు. ఇతను మాట్లాడకుండా ఇంజను డోమ్ తీశాడు. ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాడు. కొన నల్లగా లేదు, తెల్లగా కాలి ఉంది. ఎమరీ కాగితంతో రుద్దాడు, విరిగిన హాక్సా బ్లేడు ముక్క దూర్చి గ్యాపు సరిచూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, "హైదరాబాదు బండి కదండీ. అక్కడి గాలికి ట్యూనింగ్ చేసుంది. ఇక్కడ గాలి బరువు" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. తెనాలి కృష్ణా డెల్టాలో, పది పదిహేను మీటర్ల ఎత్తులో ఉంది. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడుతుంది. జెట్టు అదే, పెట్రోలు అంతే, లోపలికి పోయే గాలి మాత్రం ఎక్కువ. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది. తేడా కొద్దిదే, కానీ ఇరవై ఏళ్ళ 145 సీసీ టూస్ట్రోక్ ఇంజనుకు ఆ కొద్దే పట్టింపు. మెకానిక్ బండిని స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవరుతో కార్బురేటర్ స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. విన్నాడు. ఇంకాస్త తిప్పి మళ్ళీ విన్నాడు. పుల్ల పెట్టి పొయ్యి ఎగదోసినట్టు చప్పుడు ఒక్కసారిగా నిండుగా వచ్చింది. సైలెన్సరు కూడా విప్పి, మంటలో కాల్చి, లోపల పేరుకున్న కార్బన్‌ను దులిపాడు. ఇరవై ఏళ్ళ చాదర్‌ఘాట్ పొగ కాలవగట్టు మీద నల్లటి పెళ్ళలుగా రాలింది. నూటయాభై తీసుకున్నాడు.

ఆనాటి నుంచి బండి పని తేలికైంది. పొద్దున ఇంటాయనను బస్టాండు దాకా దించాలి. ఆయన బస్సులో మంగళగిరి, అక్కడి నుంచి వెలగపూడి. సాయంత్రం దాకా బండి స్టాండులో ఉంటుంది. మొదటి నెల స్టాండు కుర్రాడు టోకెన్ చింపి ఒక ముక్క హ్యాండిల్‌కు, ఒక ముక్క చేతికి ఇచ్చేవాడు. మూడో నెలలో "మీకు టోకెనెందుకు సార్, ఏపీ 9 ఇదొక్కటేగా" అని మానేశాడు. ఒకరోజు ఇంటాయన రాత్రి పది దాటాక దిగితే, బండి వాన తగలకుండా చూరు కిందికి జరిపి ఉంది.

ఆదివారాలు ఊరు చూసే పని. రణరంగ చౌక్ దగ్గర బండి ఆగితే ఇంటాయన పిల్లలకు 1942 ఆగస్టు 12 గురించి చెప్పాడు. క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే అక్కడ ఏడుగురు చనిపోయారు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ, చందమామ పెట్టినవాళ్ళలో ఒకరైన చక్రపాణిదీ ఈ ఊరేనని తెలిసి పిల్లవాడు రెండు రోజులు అందరికీ చెప్పుకు తిరిగాడు. బోసు రోడ్డులో బెల్లం జిలేబీ పొట్లం కట్టించుకుంటే హ్యాండిల్‌కు తగిలించిన సంచి ఇంటికి వచ్చేసరికి వెచ్చగా ఉండేది.

ఇనుప తుక్కుతో విగ్రహాలు చేయడంలో తెనాలి శిల్పులకు పెద్ద పేరు. ఒక షెడ్డు ముందు బండిని ఆపి ఇంటాయన లోపలికి వెళ్ళాడు. బైకు చైన్లు, పళ్ళచక్రాలు, నట్లు, బోల్టులు అతికించిన ఏనుగు సగం పూర్తయి నిలబడి ఉంది. బండి గేటు బయటి నుంచే దాన్ని చాలాసేపు చూసింది. అక్కడి కుర్రాడు దగ్గరకొచ్చి, "దీనికి చైను ఉండదండీ, గేర్లే నేరుగా చక్రాన్ని తిప్పుతాయి" అని తన తమ్ముడికి వివరించాడు. తుక్కు కోసం చూసిన చూపు కాదది, పనిమంతుడి చూపు.

ఇన్ని జరిగినా బండికి ఒక ఇబ్బంది మిగిలింది. వీధిలో నేల నల్లమట్టి. హైదరాబాద్ బండనేల మీద నిలబడి పెరిగిన స్టాండు ఇక్కడ వాన పడితే దిగబడుతుంది. రెండుసార్లు రాత్రిపూట బండి పక్కకు ఒరిగి పడింది, ఎడమ డిక్కీ మూతకు సొట్ట పడింది. ఇంటాయన చెక్కముక్క పెట్టి చూశాడు, నాని పోయింది. శ్రావణంలో ఒక పొద్దున తలుపు తీసేసరికి బండి నిటారుగా నిలబడి ఉంది. స్టాండు కింద జానెడు వెడల్పు నాపరాయి ముక్క, నాలుగు వైపులా మట్టి గట్టిగా కొట్టి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు "ఎవరి కోసం బాబూ" అని అడిగిన పెద్దాయన ఇంటి ముందు కొత్త మెట్టు కడుతున్నారనీ, అక్కడ అలాంటి రాళ్ళే ఉన్నాయనీ బండికి తెలుసు.

2021లో కొత్తపేటకు ఇల్లు మారారు. సామాను ఆటోలో వెళ్ళింది. చివరగా బండి తీయబోతుంటే పెద్దాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి, "ఆ రాయి వదిలేసి పోతారేంది? అది బండిది" అన్నాడు. పిల్లవాడు పలుగుతో పెకలించాడు. అయిదేళ్ళలో రాయి మధ్యన స్టాండు కాళ్ళు రెండు చిన్న గుంటలు చేశాయి. దాన్ని కడిగి, గోనెపట్టాలో చుట్టి, ఫుట్‌బోర్డు మీద ఇంటాయన పాదాల మధ్య పెట్టారు. వీధి మొగ దాకా బండిని నెట్టుకెళ్ళి, అక్కడ కిక్కు కొట్టారు.