సంజాయిషీ సంజీవని

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' అనే వ్యాఖ్య రాశాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే ఒట్టు పెట్టుకుని మరీ రాశాడు. అంతటివాడు కాళిదాసు, భారవి, మాఘుల దాకా వచ్చాడు గాని ఆఫీసు మెమో జోలికి రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సాహసం.

ప్రస్తుత కృతికి కవి సెక్షన్ సూపరింటెండెంటు. కృతిభర్త, చదవకుండానే సంతకం పెట్టిన పై అధికారి. నాయకుడు ఒక జూనియర్ అసిస్టెంటు. రసం రాసినవారికి రౌద్రం, అందుకున్నవాడికి భయానకం, పక్క సీట్లవారికి హాస్యం.

మూలము

"తాము తరచుగా ఆలస్యముగా విధులకు హాజరగుచు, పై అధికారుల యెడల దురుసుగా ప్రవర్తించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. కావున తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలసినది. లేనియెడల తదుపరి చర్య తీసుకొనబడును."

ప్రతిపదార్థము

తాము = నువ్వు. కోపం వచ్చినప్పుడు గౌరవం పెరగడం ఆఫీసు భాషకున్న విశేష లక్షణం. నిన్న సాయంత్రం దాకా "ఏమయ్యా" అన్న నోరే ఇవాళ "తాము" అంటే, నాయకుడు కుర్చీ కింద నేల ఉందో లేదో చూసుకోవాలి.

తరచుగా = ఎన్నిసార్లో లెక్కపెట్టకుండా. ఈ మెమో ప్రాణమంతా ఈ పదంలోనే ఉంది. నిజానికి లెక్క దొరకనిదేమీ కాదు, హాజరుపట్టీలో ఎర్రసిరాతో ఉంది. వ్యాఖ్యాత తిరగేసి చూడగా ఆ నెలలో నాయకుడికి మూడు లేటు మార్కులు కనిపించాయి. అదే పుటలో మరో నలుగురికి కూడా మూడేసి ఉన్నాయి, ఒకాయనకు ఐదు. మెమో మాత్రం ఒక్కరికే వెళ్లింది. ఐదున్న ఆయన సూపరింటెండెంటుగారితో ఒకే స్కూటరు మీద వస్తారు. ఆ లెక్కన సూపరింటెండెంటుగారికీ ఐదు ఉండాలి గాని, పట్టీలో కనబడవు. ఫ్యాక్టరీల కోసం 1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన నమూనా ఉత్తర్వులు కూడా అలవాటుగా ఆలస్యమయ్యేవాడినే తప్పుపట్టాయి, ఒకనాడు బస్సు తప్పినవాడిని కాదు. అలవాటు అని తేల్చాలంటే తేదీలు కావాలి. తేదీలు రాయడానికి బద్ధకించిన చోట పుట్టేదే 'తరచుగా'.

దురుసుగా = ఏ మాటతోనో చెప్పకుండా. నాయకుడు అన్నది "సార్, నాకొక్కడికేనా?" అని. ఇది ప్రశ్నో, దురుసో తేల్చాల్సింది విన్నవారు. వినడానికి ముగ్గురున్నారు గాని ఎవరినీ అడగలేదు.

దృష్టికి వచ్చినది = ఎవరో మోసుకొచ్చారు. ఈ వాక్యంలో కార్యాలయానికి కళ్లున్నాయి, చెవులున్నాయి, ఫిర్యాదిదారుకు మాత్రం పేరు లేదు.

ఏల తీసుకొనరాదో = చర్య వద్దనడానికి కారణమేమిటో. ఇక్కడ పాఠాంతరం ఉంది. నాయకుడికి అందిన ప్రతిలో "ఏల తీసుకొనరాదో" అని ఉండగా, ఫైలులోని నోట్‌లో "ఇంక్రిమెంటు నిలుపుటకు నిర్ణయించినందున, మెమో జారీ చేయవచ్చును" అని ఉంది. రెండో పాఠమే కవిహృదయానికి దగ్గరని పండితులు అంటారు. తీర్పు రాసుకున్నాక అడిగేది ప్రశ్న కాదు. ఉద్యోగి వ్యవహారం కాకపోయినా, సముద్రపు సరుకు ఎగుమతి చేసే ఒక కంపెనీ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: షోకాజ్ నోటీసులోనే తప్పు ఖాయం చేసేస్తే, ఆ తరువాత జరిగేదంతా ఉత్త తతంగం.

మూడు దినములలోగా = శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇచ్చి, రెండో శనివారాన్నీ ఆదివారాన్నీ కలుపుకుని.

సంజాయిషీ = ఇది హిందుస్తానీ నుంచి వచ్చిన మాట. దాని మూలంలో ఉన్నది 'సమఝ్', అంటే అర్థం కావడం. కాబట్టి సంజాయిషీ అంటే క్షమాపణ కాదు, అవతలివారికి అర్థమయ్యేలా చెప్పడం. అర్థం చేసుకోవడానికి అవతల ఒకరు సిద్ధంగా ఉంటేనే ఈ పదం సార్థకం. లేకపోతే అది గోడకు చెప్పిన గోడు.

ఇచ్చుకొనవలసినది = తన మేలు కోసం ఇవ్వాలి. వండుకొను, దిద్దుకొను వంటి మాటల్లో 'కొను' చేరితే ఫలం చేసినవాడికే దక్కుతుంది. ఇక్కడ ఫలం ఎవరికి దక్కిందో పాఠాంతరంలో చూశాం.

తీసుకొనబడును = ఎవరో తీసుకుంటారు. ఈ 'బడు' ప్రయోగం తెలుగుకు సహజం కాదని పెద్దలు మొత్తుకున్నా, ఆఫీసులకు ఇదే ఇష్టం, కర్త కనబడడు గనుక. రేపు కోర్టులో "ఎవరు చేశారు?" అంటే "చేయబడింది" అనవచ్చు.

తాత్పర్యము

ఓ జూనియర్ అసిస్టెంటూ! నీ మీద కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో నువ్వే చెప్పు. చెప్పినా చెప్పకపోయినా జరిగేది జరుగుతుంది.

అలాగని నాయకుడు శుద్ధ అమాయకుడని వ్యాఖ్యాత అనడు. పదిన్నరకు తెరవాల్సిన కౌంటరు ముందు పింఛను కాగితం పట్టుకుని నిలబడ్డ ముసలాయనకు పదకొండుదాకా ఖాళీ కుర్చీయే దర్శనమిస్తే, అది తప్పే. ఆ తప్పును అడగాలి. అడిగే తీరు బాగుంటేనే ఆ ముసలాయనకూ న్యాయం జరుగుతుంది. తప్పుడు మెమో ఏదో ఒకనాడు కోర్టులో వీగిపోతుంది, కుర్చీ మళ్లీ ఖాళీగానే ఉంటుంది.

విశేషములు

అలంకారము: అనన్వయం. ఉపమేయమే ఉపమానమైతే అనన్వయమని లాక్షణికులు చెప్పారు. ఇక్కడ దురుసు మాట పడినవారు, సాక్షి, విచారణాధికారి, శిక్ష వేసేవారు, నలుగురూ ఒక్కరే. వారికి సాటి వారే! బెంగాల్లోని మీంగ్లాస్ టీ ఎస్టేట్‌లో దెబ్బలు తిన్న మేనేజర్లే కూలీల మీద విచారణ జరిపితే, 1963లో సుప్రీంకోర్టు అది సహజ న్యాయానికి సరిపడదంది.

మరొక అలంకారము: అతిశయోక్తి. ఇది శిక్షలో కనబడుతుంది. భోజనం చెయ్యమని ఆజ్ఞాపిస్తే చెయ్యనన్న ఒక సిపాయికి సైనిక న్యాయస్థానం ఏడాది జైలుశిక్ష, ఉద్యోగం నుంచి డిస్మిస్ విధించింది. అతను అంతకుముందు ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే అక్కడ న్యాయం చెప్పడానికి కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒకే కథలో అతిశయోక్తి, అనన్వయం రెండూ పడ్డాయి గనుక దీన్ని సంసృష్టి అనవచ్చు.

లక్షణము: ప్రభుత్వోద్యోగికి లక్షణగ్రంథం రాజ్యాంగంలోని 311వ అధికరణం. కొన్ని మినహాయింపులు పోను, అభియోగం తెలిపి, తన మాట చెప్పుకోనిచ్చి, విచారణ చేశాకే ఉద్యోగం తీయడమైనా హోదా తగ్గించడమైనా. దానికి ప్రస్తారం వేసి చూపినవి రాష్ట్ర ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీళ్ల గురించిన 1991 నాటి సి.సి.ఎ. నియమాలు. చిన్న శిక్షకు 22వ నియమం, పెద్ద శిక్షకు 20వది. పెద్దదైతే అభియోగం, దాని వివరం, కాగితాల పట్టిక, సాక్షుల పట్టిక, నాలుగూ జతచేయాలి. మన మెమోకు ఒక పిన్ను మాత్రం జతచేశారు.

దోషము: గూఢార్థం, అంటే అర్థం దాచడం. విచారణ నివేదిక ఉద్యోగికి చూపకుండా శిక్ష వేసే ఆచారం ఒకప్పుడు ఉండేది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగి కేసులో 1993లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నివేదిక ప్రతి ముందు ఉద్యోగి చేతికి ఇవ్వాలని, దానిమీద అతని మాట విన్నాకే నిర్ణయించాలని చెప్పింది.

ఉపసంహారము

మల్లినాథుడి ఒట్టు వ్యాఖ్యాతలకే గాని మెమో కవులకు కాదని ఇన్నాళ్లూ అనుకున్నాం. అదే ఒట్టు సూపరింటెండెంటుగారు పెట్టుకుని ఉంటే, హాజరుపట్టీలో లేని 'తరచుగా' రాయరు, సాక్షి చెప్పని 'దురుసు' ఎత్తరు. ఆ ఒట్టుకు కట్టుబడి మూలాన్ని సవరిస్తే ఇలా ఉంటుంది:

"మీరు ఈ నెల 4, 9, 17 తేదీల్లో పదకొండు గంటల తరువాత వచ్చినట్టు హాజరుపట్టీలో ఉంది. ఆ పుట నకలు జతచేశాను. ఇదే నెలలో మూడుసార్లు, అంతకు మించి ఆలస్యమైన మిగతావారికీ, నా మిత్రుడితో సహా, ఇదే మెమో ఇస్తున్నాను. కారణం పది రోజుల్లో చెప్పండి. విన్నాకే నిర్ణయిస్తాను."

ఈ పాఠానికి టీక లేదు.