గాలితో పంచాయితీ

రోహిణి కార్తె వచ్చిందంటే ఆసిఫాబాద్‌లో సైకిల్ తొక్కేవాడికి గాలితో పంచాయితీ మొదలైనట్టే. బజారుకు పోయేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడైనా వెనక నుంచి తోస్తుందిలే అనుకుంటామా, మనం వంకాయలు బేరమాడేలోపు అది దిక్కు మార్చేస్తుంది.

లెక్క కూడా దాని పక్షమే. గంటకు 15 కిలోమీటర్లు తొక్కేవాడికి 30 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే, ఒంటి మీద పడే గాలి అడ్డు 9 రెట్లవుతుంది. తిన్నవి మాత్రం అవే రెండు జొన్నరొట్టెలు.

పక్కగాలి ఇంకా మాయదారిది. పడిపోకుండా దానివైపే ఒరిగి తొక్కుతుంటాం. అంతలో కుడిపక్కన లారీ వస్తుంది. గాలి ఠక్కున ఆగుతుంది, సైకిల్ లారీ మీదికే పోతుంది. లారీ దాటగానే ఆగిన గాలంతా ఒక్కసారి కొట్టి మట్టిలోకి నూకుతుంది.

"రైలెక్కి పోరాదు" అంటారు. ఏ రైలు? ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఉన్నది రెబ్బెనలో. ఊరికీ దానికీ నడుమ 20 కిలోమీటర్ల దాకా దూరం. బోర్డులో అబద్ధం లేదు. ఆసిఫాబాద్ కనబడదు గానీ, రోడ్ మాత్రం బోలెడుంది. కొత్తగా వచ్చిన చుట్టం అక్కడ దిగి ఫోన్ చేస్తాడు: "దిగిన బావా, ఇల్లెటు?" "ముందు ఊరికి రా, ఇల్లు తర్వాత చెప్త." 2016లో మాది జిల్లా కేంద్రమైంది, కలెక్టర్ వచ్చాడు. రైలు మాత్రం ఇంకా రెబ్బెన దాటి లోపలికి రాలేదు.

జాగ్రత్తలు చెప్పేవాళ్లకేం కొదవ? నడుం వంచు, హ్యాండిల్‌కు సంచి తగిలించకు, గొడుగు విప్పకు, రోడ్డు అంచుకు పోకు. అన్నీ నిజమే. చెప్పేవాళ్లంతా మోటార్ సైకిల్ మీద కూర్చునే చెబుతారు.

చిన్నప్పుడు నాయన వెనక క్యారియర్ మీద కూర్చుని ఇదే రోడ్డు మీద తిరిగాను. ఎదురుగాలి అనేది ఒకటుందని అప్పుడు తెలియనే లేదు. నా మొహానికి అంగుళం దూరంలో ఆయన చొక్కా చెమటకు వీపుకంటుకుని ఉండేది. ఎందుకని అడగాలని ఏనాడూ తోచలేదు. గాలి గురించి ఆయనా ఒక్క మాట అనలేదు. ఇంత సణిగేది నేనే.