ఖతే గతి

మా ఆఫీసులో అతన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేది హెచ్చార్ వాళ్ళొక్కరే. మిగతా అందరికీ ఖతిరావు. ఫాంటుకి మన భాషాభిమానులు ఖతి అని పేరు పెట్టారు కదా, అదీ సంగతి. మాదాపూర్‌లో ఏ అద్దాల మేడలో ఏ అంతస్తులో లిఫ్టు దిగినా ఇలాంటివాడు ఒకడు తగులుతాడు. మాకు తగిలినవాడు కాస్త ముదురు.

పొద్దున పదింటికి వస్తాడు. బ్యాగు దించి, నల్లటి టెర్మినల్ తెరిచి ఒక వరస కొడతాడు: సున్న, పెద్ద ఓ, ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ, నిలువు గీత. అది అతని సంధ్యావందనం. కొట్టాక కుర్చీతో సహా వెనక్కి జరిగి, కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూస్తాడు. తల అడ్డంగా ఊపాడంటే ఆ రోజు పని ఇక మధ్యాహ్నం తర్వాతే. నిలువుగా ఊపిన రోజు నాకైతే గుర్తులేదు.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. కోడు రాసే ఫాంట్లలో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. బస్సులో బక్కపలచని ఐకీ, భారీ శరీరం డబ్ల్యూకీ ఒకే కొలత సీటు ఇచ్చినట్టు. చిన్నప్పుడు లెక్కలు చేసిన గళ్ళ నోటుబుక్కు గుర్తుందా, అదే ఏర్పాటు. వరసలు ఒకదాని కింద ఒకటి తిన్నగా నిలబడాలి కదా మరి. మామూలు మనిషికి విషయం ఇక్కడితో అయిపోతుంది. ఖతిరావుకి ఇక్కడే మొదలవుతుంది.

ముందు సున్న. కన్సోలాస్ అనే ఫాంటులో సున్నకి లోపల ఏటవాలు గీత. సోర్స్ కోడ్ ప్రో సున్నకి మధ్యలో చుక్క, బొట్టు పెట్టుకున్నట్టు. కొరియర్ న్యూ సున్నది బోసి మొహం. ఈ మూడింటి మీద అతను గంటసేపు మాట్లాడగలడు, మాట్లాడాడు కూడా. అరసున్నని వదిలించుకుని హాయిగా బతుకుతున్న జాతిలో పుట్టి, ఒక సున్న కోసం ఇంత యాతనా అనిపించి, ఓ రోజు ఊరుకోలేక ఒక మాట అన్నాను. "గురూ, తెలుగు అంకెల్లో సున్న, 'అం'లో నిండుసున్న చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. పేరూ ఒకటే. యూనికోడ్‌లో మాత్రం రెంటికీ వేరే వేరే నంబర్లు." అతని మొహంలో రక్తం లేదు. కాసేపటికి తేరుకుని, "ఇన్నేళ్ళలో ఒక్కడూ చుక్క పెట్టలేదా?" అన్నాడు.

క్యాంటీన్లో అతని ఎదురుగా కూర్చుంటే దోసె చల్లారడం ఖాయం. కొరియర్‌ని 1950లలో ఐబీఎం టైప్‌రైటర్ల కోసం హోవార్డ్ కెట్లర్ గీశాడనీ, కన్సోలాస్ లూకాస్ డి గ్రూట్ చేతిలో పుట్టి విండోస్ విస్టాతో జనంలోకి వచ్చిందనీ, 2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనోలో చిన్నక్షరాల ఎత్తు పెంచారనీ, ఐయోసెవ్కా సన్నగా ఉండబట్టి ఒకే స్క్రీను మీద రెండు ఫైళ్ళు పక్కపక్కన పడతాయనీ చెప్పుకుపోతాడు. ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరి పోలిక ఎవరికి వచ్చిందో చెప్పడంలో పెళ్ళిళ్ళ పేరయ్యకి కూడా ఇంత పట్టు ఉండదు.

వాళ్ళ నాన్నగారు తెనాలిలో టైపు హయ్యరు పాసై, రెవెన్యూ ఆఫీసులో రిటైరైన మనిషి. పండక్కి వచ్చి కొడుకు అవస్థ కాసేపు చూశారట. "ఒకటికీ, ఎల్లుకీ తేడా తెలియాలి నాన్నా" అని ఇతను వివరించబోతే, "ఒరే అబ్బాయ్, మా మిషన్‌లో ఒకటికి అసలు కీయే లేదు. చిన్న ఎల్ కొట్టేవాళ్ళం. ముప్పై ఏళ్ళు పహాణీలు, జీతాల బిల్లులు దాంతోనే నడిపించాం" అన్నారట. నిజమే, పాత టైపు మిషన్లు చాలావాటిలో ఒకటి అంకె ఉండేది కాదు. ఆ పండక్కి ఖతిరావు బూరెలు తినలేదు.

మధ్యలో మూడు వారాలు ఫైరా కోడ్ పిచ్చి పట్టింది. అందులో ఆశ్చర్యార్థకం, సమానం గుర్తు పక్కపక్కన కొడితే రెండూ కలిసిపోయి '≠' అయిపోతాయి. మన వత్తుల్లాగే అనుకోండి. కొత్తగా చేరిన అమ్మాయి అతని స్క్రీను చూసి రాసుకుంటూ, సాయంత్రం దాకా కీబోర్డంతా వెతికి, "సర్, ఈ గుర్తు ఏ కీలో ఉందండీ?" అని అడిగింది. మర్నాటికి ఫైరా కోడ్ పోయింది.

నవ్వుతున్నాను గానీ, ఒక్కసారి అతనికి దండం పెట్టాల్సి వచ్చింది. రాత్రి పదకొండింటికి ప్రొడక్షన్ సర్వర్ పడుకుంది. పాస్‌వర్డ్ మెయిల్లో ఉంది. కన్సోల్లో పేస్టు పనిచేయదు, చేత్తో కొట్టాలి. నలుగురం రెండుసార్లు కొట్టాం, రెండుసార్లూ తప్పే. మూడోది తప్పితే అకౌంటు లాకు. ఖతిరావు వచ్చి, ఆ పాస్‌వర్డుని కాపీ చేసి తన టెర్మినల్లో పెట్టాడు. మెయిల్లో మా కంటికి పెద్ద ఐగా కనిపించింది అక్కడ తోక వంచుకున్న చిన్న ఎల్. కొట్టాం, తెరుచుకుంది. ఆ తర్వాత నెల రోజులు అతన్ని భరించడం వేరే కథ.

ఈమధ్య కొత్త వ్యవహారం. టెర్మినల్ తెరవగానే కూతురి పేరు పలకరించాలని ముచ్చటపడ్డాడు. పాప పేరు జ్యోత్స్న. కాగితం మీద రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో తొమ్మిది. టెర్మినల్ ఆ పేరుకి ఐదు గడులు ఇచ్చి, వత్తుల్ని తలో దిక్కుకీ తోసేసింది. పోతన పెట్టి చూశాడు, వేమన పెట్టి చూశాడు, మండలి పెట్టి చూశాడు. అవి పుస్తకాల్లో, పత్రికల్లో కాళ్ళు చాపుకుని కూర్చునే ఫాంట్లు, గళ్ళలో ఎందుకు ఇముడుతాయి? అర్ధరాత్రి దాటాక వాళ్ళావిడ లేచొచ్చి, "ఏమండీ, ఫాంటు దొరక్కపోతే పిల్ల పేరు మార్చేట్టున్నారు" అందట.

అతను నాకు ఈ ముక్క చెప్పి నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "రమ అయితే రెండు గడుల్లో సరిపోయేది" అన్నాడు.

పాప పేరు ఇప్పటికీ జ్యోత్స్నే. ఫాంటు మాత్రం నిన్న సాయంత్రం మళ్ళీ మారింది.