గోటితో పోయేదానికి...

గోళ్లు కొరకడం మానాలని మా పక్కసీటాయన ఫిడ్జెట్ బొమ్మ కొనబోయాడు.

2017లో బడిపిల్లల వేళ్ల మీద గిర్రున తిరిగిన స్పిన్నరా? టపటపా నొక్కే పాప్‌ఇట్టా? ఆరు ముఖాలా ఆరు పనులుండే క్యూబా?

రివ్యూలు చదివాడు. బొటనవేలు గోరు హుష్‌కాకి.

రేట్లు పోల్చాడు. చూపుడువేలూ అంతే.

రేపన్న డెలివరీ ఎల్లుండికి జరిగింది. ఆ రాత్రి ఎడమచెయ్యి మొత్తం స్వాహా.

చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ వేళ్లకు వేపనూనె రాసేదట. దానికి స్టార్ రేటింగ్ లేదు, పాపం.

మొత్తానికి పార్సిల్ వచ్చింది. మూడు వరసల టేపు. అంచు పట్టి లేపుదామంటే ఒక్క వేలికీ గోరు లేదు.

పళ్లతోనే చింపాడు.