అచ్చమైన చెక్ సరుకు

1868 మే 16న ప్రాగ్‌లో పగలు జాతీయ నాటకశాలకు శంకుస్థాపన, రాత్రి స్వరకర్త స్మెతనా కొత్త ఒపేరా ‘దాలిబోర్’. జనం పొంగిపోయారు. శుద్ధి పరీక్షకులు మాత్రం ముక్కు మూసుకున్నారు: సంగీతంలో వాగ్నర్ వాసన వస్తోందట, అంటే జర్మన్ వాసన!

అంత చురుకైన ముక్కులు కాస్త ముందే పనిచేయాల్సింది. ఆ ఒపేరా మాటల్ని వెంజిగ్ జర్మన్‌లోనే రాశాడు, ష్పిండ్లర్ చెక్‌లోకి తెచ్చాడు. స్వరకర్తగారు చదువుకున్నది జర్మన్‌లో, చాలా ఏళ్లు డైరీ రాసుకున్నది జర్మన్‌లో. చెక్ తిన్నగా రాయడం ఆయన పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నదే. అయినా రీగర్ లాంటి నాయకులు ఆయనకే పాఠం చెప్పారు, జానపద బాణీలు లేనిదే జాతీయ ఒపేరా పుట్టదని!

ఇక అందరికీ ప్రాణమైన ఆయన ఒపేరా ‘అమ్ముడైన పెళ్లికూతురు’ (1866) చూడండి. అందులో యెనీక్ మూడు వందల గిల్డర్లకు మారెంకాను వదులుకుంటున్నట్టు కాగితం మీద సంతకం చేస్తాడు. ఊరంతా ఛీ అంటుంది. పిల్లాడు గడుసువాడు, ఆ పిల్లను మీచా కొడుకే చేసుకోవాలని షరతు పెడతాడు, తీరా చూస్తే ఆ కొడుకు తనే. ఈ ముచ్చటైన మోసాన్ని అల్లిన రచయిత సబినాకు బేరాల సంగతి పుస్తకాల్లో చదివి తెలియలేదు లెండి. దేశభక్తులతో భుజం భుజం రాసుకు తిరుగుతూ ఆయన ఆస్ట్రియా పోలీసులకు వేగులు మోశాడని 1872లో బయటపడింది. యెనీక్‌ది ఉత్తుత్తి అమ్మకం, సబినాది రొక్కం బేరం.

చివరికి 1881 జూన్ 11న నాటకశాల తలుపులు తెరిచారు. ఆ రాత్రి ఆడిన స్మెతనా ఒపేరాలో రాణి లిబుషె చెక్ జాతికి మహర్దశ పడుతుందని జోస్యం చెబుతుంది. ఆనాటి ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? హాబ్స్‌బర్గ్ యువరాజు రుడోల్ఫ్. ఆ ఆగస్టులోనే భవనం కాలిపోతే మళ్లీ చందాలెత్తారు. ‘జాతి తనకు తానే’ కట్టుకున్న ఆ మందిరానికి ఇచ్చిన చేతుల్లో చక్రవర్తిగారిదీ ఒకటి.

అన్నట్టు, లిబుషె కథకు పురాతన సాక్ష్యమని చెప్పుకున్న రాతప్రతి కూడా పందొమ్మిదో శతాబ్దపు సరుకే. అది నకిలీదని 1886లో ఆచార్యుడు మసారిక్ తన పత్రికలో బయటపెట్టించాడు. వెంటనే ద్రోహి, ద్రోహి అని కేకలు లేచాయి. రాతప్రతిని కాదండీ, మసారిక్‌ను.