నార్త్ డకోటా టీవీలో మన ముగ్గుల పోటీ

అమెరికాలో తెలుగు సంఘం కార్యక్రమమంటే మూడు పనులు: చేయడం, ఫోటో దిగడం, ప్రెస్ నోట్ పంపడం. మొదటిది సరిగా జరగకపోయినా జనం క్షమిస్తారు. రెండోదాంట్లో ఎవరి మొహం కనబడకపోయినా సంఘం చీలుతుంది. మూడోది మాత్రం చదివే నాథుడు లేకపోయినా జరిగి తీరాలి. తానా 1977లో పుట్టింది, ఆటా 1990లో. తర్వాత నాట్స్, నాటా, టీటీఏ వచ్చాయి. వీటి కింద రాష్ట్రానికో సంఘం, ఊరికో సంఘం. ఇన్ని సంఘాల ప్రెస్ నోట్లూ ఇన్నేళ్ళుగా హైదరాబాద్‌లో ఎన్నారై డెస్కుల మీద వాలుతున్నాయి. అక్కడి సబ్ ఎడిటర్ ‘అంగరంగ వైభవంగా’ అన్నదాన్ని ‘ఘనంగా’ చేసి, చివరి పాతిక పేర్లు కోసేసి, చోటుంటే వేస్తాడు. దాంతో అందరూ సుఖంగానే ఉన్నారు.

ఈ సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టిన మా న్యూజెర్సీ సంఘం అధ్యక్షుల వారికి మెయిన్‌స్ట్రీమ్ సోకింది.

“ఎంతకాలమండీ, మన గురించి మనవాళ్ళకే చెప్పుకోవడం? అమెరికన్లకి తెలియాలి మన ముగ్గులంటే ఏమిటో” అన్నారు. ప్రెస్ రిలీజ్ ఇస్తే దేశమంతటా పంచిపెట్టే ఆన్‌లైన్ సర్వీసులున్నాయట. వాటిలో ఏది మంచిదో తేల్చమని ఓ కమిటీ వేశారు. కాలమ్ రాసేవాణ్ణి కాబట్టి పత్రికల గుట్టు తెలుస్తుందని నన్నూ అందులో పడేశారు.

ఈ ప్రెస్ రిలీజ్ అనే సరుకు పుట్టింది కూడా మా న్యూజెర్సీలోనే. 1906 అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి రైలు వంతెన మీంచి నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా ప్రమాదం జరిగితే రైలు కంపెనీల పద్ధతి ఒకటే: నోరు మూసుకోవడం, విలేకరిని దగ్గరికి రానివ్వకపోవడం. ఆ కంపెనీ సలహాదారు ఐవీ లీ, తనూ ఒకప్పటి విలేకరే, తెలిసింది తెలిసినట్టు కాగితం మీద పెట్టి పత్రికలకిచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని అక్షరం మార్చకుండా అచ్చేసింది. మొదటి ప్రెస్ రిలీజ్ అదేనంటారు. అధ్యక్షుల వారికి ఇది చెబితే “చూశారా, న్యూయార్క్ టైమ్స్ అక్షరం మార్చకుండా వేసింది!” అన్నారు. రైలు సంగతి ఆయన చెవికెక్కలేదు.

తర్వాత 1954లో హెర్బర్ట్ ముషెల్ న్యూయార్క్‌లో పీఆర్ న్యూస్‌వైర్ పెట్టి, కంపెనీల ప్రకటనలు టెలిప్రింటర్ల మీద పత్రికాఫీసులన్నిటికీ ఒకేసారి చేరే ఏర్పాటు చేశాడు. 1961లో లోరీ లోకీ శాన్‌ఫ్రాన్సిస్కోలో బిజినెస్ వైర్ మొదలుపెట్టాడు. 2006లో దాన్ని వారెన్ బఫెట్ గారి బర్క్‌షైర్ హాతవే కొనేసింది. ఈ మాట వినగానే కమిటీ నిటారుగా కూర్చుంది. బఫెట్ చెయ్యి పెట్టాడంటే అందులో డబ్బుందన్నమాటే. ఆ డబ్బు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలది. మన సెబీ లాంటి ఎస్‌ఈసీ ఇక్కడ 2000లో ఒక నిబంధన తెచ్చింది. షేరు ధరను కదిలించే సమాచారాన్ని కావలసినవాళ్ళ చెవిలో ముందు ఊది, మిగతా లోకానికి తీరిగ్గా చెప్పే ఆట ఇక చెల్లదని. ఆ కంపెనీలకి ఒకే క్షణాన అందరికీ చెప్పామనే రుజువు కావాలి. ఇలా ప్రకటనలు పంచే వైర్ సర్వీసు ఆ రుజువును అమ్ముతుంది. అది చట్టం కోసం పెట్టే ఖర్చు. ముగ్గుల పోటీలో మొదటి బహుమతి ఎవరిదో గంట ముందు తెలిసినంత మాత్రాన షేర్లు కొనుక్కుని లాభపడేవాళ్ళు మా సంఘంలో నాకు తెలిసి లేరు. అయినా పెద్ద వైర్ల రేటు కనుక్కున్నాం.

అక్కడ మొదలైంది అసలు పండగ. పెద్ద వైర్లలో మూల ధర 400 పదాలకే అన్నారు. ఆ పైన ప్రతి వంద పదాలకూ విడిగా వడ్డింపు. ఫోటోకి వేరే. మా ప్రచార కార్యదర్శి రాసిన ప్రకటన అధ్యక్షుడి పేరుతో మొదలై, కాబోయే అధ్యక్షుడు, పూర్వాధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కోశాధికారి, ఉప కోశాధికారి, ప్రాంతీయ సమన్వయకర్తలు, మహిళా విభాగం, యువజన విభాగం, ప్లాటినం దాతలు, గోల్డ్ దాతలు, పులిహోర దాతల మీదుగా సాగింది. పేర్లే 400 దాటాయి. సంక్రాంతి అన్న మాట రెండో పేజీలో తగిలింది.

కోశాధికారి కాలిక్యులేటర్ తీశాడు. ఇంటిపేరు, పేరు, పదవి, ఊరు కలిపి ఒక్కో ఉపాధ్యక్షుడు ఎన్ని డాలర్లు పడతాడో లెక్క కట్టాడు. “ఈ రేటుకి ఇంతమంది ఉపాధ్యక్షులు మనకెందుకండీ?” అన్నాడు. సంఘం చరిత్రలో ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి. విశేషణాలు తీసేద్దామని ఒకరు, పేర్లు తీసేద్దామని ఒకరు పట్టుబట్టారు. ఒక పూర్వాధ్యక్షులైతే లేచి, “నా పేరుకయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటాను, కానీ ముందు వరసలో ఉండాలి” అని హామీ ఇచ్చారు. చివరికి కార్యదర్శే ఉపాయం కనిపెట్టాడు. కంప్యూటర్ లెక్కించేది పదాల మధ్య ఖాళీలను బట్టి కాబట్టి, ఇంటిపేరూ పేరూ పదవీ అతికించి ఒకే పదం చేశాడు. అచ్చు బాణభట్టుడి సమాసంలా తయారైంది ఆ జాబితా. ఇంగ్లీషు పత్రికలవాళ్ళు దాన్ని చూసి మందు పేరనుకుంటారని నేనంటే, ఫర్వాలేదు, మనవాళ్ళు గుర్తుపడతారన్నాడు. మెయిన్‌స్ట్రీమ్‌కి వెళ్దామనుకున్న ప్రయాణం అలా మళ్ళీ మనవాళ్ళ దగ్గరికే వచ్చింది.

పెద్దవాళ్ళు గిట్టుబాటు కారని తేలాక చవక సర్వీసుల వంతు. వీటికి లెక్కలేదు. వంద డాలర్ల పైచిలుకుకే “300 వెబ్‌సైట్లలో గ్యారంటీ” అంటారు. కొన్న మర్నాటి నుంచి ఫాక్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ బొమ్మలు మన పేజీలో పెట్టుకుని ‘వీటిలో చూశారు కదా’ అని చెప్పుకోవచ్చట. ఒక సర్వీసు కుర్రాడు జూమ్‌లో నమూనా రిపోర్టు చూపించాడు. చేరగల పాఠకులు: అమెరికా జనాభాకి రెట్టింపు.

“ఈ దేశంలో ఉన్నదే 34 కోట్ల చిల్లర. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళు బాబూ?” అని అడిగాను.

“అది చదివినవాళ్ళ లెక్క కాదండి. ఆ వెబ్‌సైట్లన్నిటికీ నెలంతా వచ్చేవాళ్ళ మొత్తం.”

మా ఊళ్ళో దండోరా వేసేవాడు ఏనాడూ ఓటర్ల జాబితా చూపించి డబ్బులడగలేదు. డప్పు ఎన్ని వీధుల మొగల్లో మోగిందో ఊరంతా విన్నది.

ఈ గ్యారంటీ లోగుట్టు చెబుతాను. చిన్న చిన్న ఊళ్ళ టీవీ, రేడియో స్టేషన్ల వెబ్‌సైట్లు లోపలెక్కడో ఒక మూల ఈ ప్రకటనల కోసం వదిలేస్తాయి. అందులోకి ప్రకటనలు వాటంతటవే పంపు నీళ్ళలా వచ్చి పడుతుంటాయి. ఎడిటర్ చూడడు. మొదటి పేజీ నుంచి అక్కడికి చాలాసార్లు దారి కూడా ఉండదు. అడుగున సన్నటి అక్షరాల్లో ‘దీనితో మా వార్తా విభాగానికి సంబంధం లేదు’ అని ఉంటుంది. నిజమే చెప్పారు, పాపం. మన దగ్గరైతే ఆ సన్నటి అక్షరాలు కూడా ఉండవు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల వార్తలకి ప్యాకేజీలు కట్టిన బాగోతం మీద పాత్రికేయులు పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె.శ్రీనివాస్ రెడ్డి కలిసి 2010లో ప్రెస్ కౌన్సిల్‌కి నివేదిక రాశారు. పత్రికల పేర్లున్న ఆ నివేదికను పక్కన పెట్టి కౌన్సిల్ ముందు కుదించిన పత్రమే బయటపెట్టింది. అసలుది 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెబితేగానీ వెలుగు చూడలేదు. చందా కట్టి చదివే పత్రికలో ఏది వార్తో ఏది ప్యాకేజీయో తెలియని రోజులు చూసినవాళ్ళం. కాబట్టి ఇక్కడి సన్నటి అక్షరాలకి నేనొక నమస్కారం పెడతాను.

ఇంక గూగుల్. మన ప్రకటనలో లింకులు గుప్పిస్తే సెర్చ్‌లో సంఘం పేరు పైకి లేస్తుందని ఆ కుర్రాడు ఊరించాడు. ప్రెస్ రిలీజుల్లో ఆ పని కోసం కుక్కిన లింకులను మోసం కింద లెక్కేస్తామని గూగుల్ 2013లోనే చెప్పేసింది. వీళ్ళింకా అదే పాట పాడుతున్నారు.

ప్రకటనలను ప్రాణం పెట్టి చదివే పాఠకులు లేరని మాత్రం అనను. ఉన్నారు. ఉక్రెయిన్‌లో ఉన్నారు. పీఆర్ న్యూస్‌వైర్, బిజినెస్ వైర్, మార్కెట్‌వైర్డ్ కంప్యూటర్లలోకి అక్కడి హ్యాకర్లు చొరబడి, ఇంకా విడుదల కాని ప్రకటనలు లక్షకు పైగా దొంగిలించారని 2015లో కేసులు పెట్టారు. వాళ్ళు చదివి చెబితే వ్యాపారులు షేర్లు కొని అమ్మి, 10 కోట్ల డాలర్లకు పైగా వెనకేసుకున్నారట. విడుదలయ్యేదాకా కూడా ఆగలేనంత ఆత్రం! మా ముగ్గుల పోటీ ప్రకటనను ఉచితంగా ఇస్తామన్నా పట్టుకెళ్ళే దొంగ దొరకడు.

అసలు ఎంచుకోవడంలో చూడాల్సింది ఒకటుంది, దాన్ని కమిటీ ఎజెండాలో చేర్చలేకపోయాను. సర్వీసువాడు మనల్ని ఏమైనా అడుగుతున్నాడా? 2000 ఆగస్టులో ఇంటర్నెట్ వైర్ అనే సంస్థలో పనిచేసి మానేసిన 23 ఏళ్ళ కుర్రాడు, ఎమ్యులెక్స్ కంపెనీ సీఈఓ రాజీనామా చేశాడని దొంగ ప్రకటన పంపాడు. వాళ్ళు సరిచూడకుండా వదిలేశారు. కాసేపట్లోనే ఆ కంపెనీ విలువ 200 కోట్ల డాలర్లకు పైగా ఎగిరిపోయింది. కుర్రాడికి 44 నెలల జైలు. 2012లో ఐకోవా అనే చిన్న కంపెనీని గూగుల్ 40 కోట్ల డాలర్లకు కొనేసిందని పీఆర్‌వెబ్‌లో వచ్చింది, పేరున్న వార్తాసంస్థలే నమ్మి వేసేశాయి. 2021 సెప్టెంబర్‌లో వాల్‌మార్ట్ ఇక లైట్‌కాయిన్ అనే క్రిప్టో కరెన్సీ తీసుకుంటుందని గ్లోబ్‌న్యూస్‌వైర్‌లో పడింది. ఆ క్రిప్టో ధర ఒక్క గెంతు గెంతి బోర్లా పడింది. అన్నీ అబద్ధాలే. ఆ లెక్కన, “మీరెవరు? ఈ మాట అన్నది నిజంగా ఆయనేనా? ఫోన్ నంబర్ ఇవ్వండి, కనుక్కుంటాం” అని విసిగించేవాడే కొనదగ్గవాడు. కార్డు నంబర్ తప్ప ఇంకేమీ అడగనివాడి దగ్గర మన నిజం పక్కనే ఎవడి అబద్ధమో కూర్చుంటుంది.

మా కమిటీకి ఏమీ అడగనివాడే నచ్చాడు. ప్రకటన వెళ్ళింది. నెత్తిన ‘తక్షణ విడుదలకు’ అని ఉంది. పండగ అయిపోయి అప్పటికి మూడు వారాలు. రిపోర్టులో 300 లింకులు వచ్చాయి. నార్త్ డకోటాలో ఒక టీవీ, అలబామాలో ఒక రేడియో, ఇంకా పేరెప్పుడూ వినని ఊళ్ళ మార్కెట్ పేజీలు. అధ్యక్షుల వారు ఆ బొమ్మలన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. తెనాలి నుంచి వాళ్ళ బావగారు ఫోన్ చేశారు. “అదంతా సరేగానీ బావా, ఈనాడు జిల్లా ఎడిషన్లో పడిందా?” అన్నారట. అధ్యక్షుల వారు రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈలోగా మా టౌన్‌షిప్ వారపత్రికలో పనిచేసే అమ్మాయి కనబడితే మా ప్రకటన చూశావా అని అడిగాను. నాలుగు టౌన్‌షిప్పులకి ఆమె ఒక్కతే విలేకరి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో విలేకరుల కంటే పీఆర్ ఉద్యోగులు ఐదారు రెట్లున్నారు. ఆమె ఇన్‌బాక్స్ చూస్తే ఆ సంగతి లెక్కలు లేకుండానే తెలుస్తుంది. వైర్ల మీద వచ్చేవి తెరిచే తీరిక లేదంది. “ముందే చెప్పుంటే ఫోటోగ్రాఫర్‌తో వచ్చేదాన్ని. నేలంతా రంగులు పరిచి ఆడవాళ్ళు ముగ్గులేస్తుంటే మొదటి పేజీ బొమ్మ అది. ఎప్పుడు, ఎక్కడ అని నాలుగు లైన్లు ఈమెయిల్ చేస్తే సరిపోయేది” అంది. మా ప్రకటన మొత్తం వెతికాను. పులిహోర దాతల ఊళ్ళున్నాయి. పోటీ జరిగిన హైస్కూల్ పేరు లేదు, వేళ లేదు.

కాబట్టి కంపెనీ షేర్లు మార్కెట్లో ఉన్నవాళ్ళు పెద్ద వైర్లలో ఏదో ఒకటి కట్టుకోండి, చట్టం కోసం తప్పదు. తక్కినవాళ్ళు వచ్చే ఉగాదికి రెండు వారాల ముందే మీ ఊరి పత్రికకి చోటూ వేళా రాసి పంపండి, దానికి పైసా ఖర్చు లేదు. సర్వీసుకి కట్టబోయిన డబ్బుతో పిల్లల పోటీల బహుమతులు పెంచండి. మా కోశాధికారి ఇప్పటికే ఆ తీర్మానం పెట్టాడు. ఉపాధ్యక్షుల సంఖ్య తగ్గించాలన్న సవరణతో సహా అది కమిటీ పరిశీలనలో ఉంది.